ఉప్పునీళ్ల లోడు

మిషిన్ ఆడితే ఏదో ఒక పని కావాలె. గిర్నీ ఆడితే పిండి పడాలె, మోటరు ఆడితే బాయిల నీళ్లు పైకి రావాలె, కుట్టుమిషిన్ ఆడితే ఏ లుంగీ అంచన్న కుట్టాలె. పొద్దంత ఇంజను దడదడ కొట్టుకొని, డీజిలు తాగి, పొగ కక్కి, ఆఖరికి తొట్టెడు నీళ్లు కాగబెడ్తే గదేం పని? అప్పుడు నాకు ఇరవై ఏండ్లు నిండలె, కొత్త కోడలిని. గది నాకు సమజ్ కాలె. నిజం చెప్పాలంటే ఇప్పటికి గూడ సగమే అయ్యింది.

నిజామాబాద్‌ల కంఠేశ్వర్ దిక్కు మా కిరాయి ఇల్లు. ఇంటి ముందట రేకుల షెడ్డు. అండ్ల మా ఆయన కాలిపోయిన మోటర్లు విప్పి, పాత తీగె తీసేసి కొత్త తీగె చుట్టుతుండె. గప్పుడప్పుడే ఊళ్లల్ల బావులకాడ కరెంటు మోటర్లు పడుతున్నయి. కరెంటేమో సరిగ్గ రాకపోతుండె, మోటర్లు కాలుతుండె. వర్ని దిక్కు నుంచి రైతులు బండ్ల మీద ఏసుకొని వస్తుండ్రి. పెండ్లికి ముందు ఆయన బొంబాయిల ఒక బట్టలమిల్లుల కరెంటు పని చేసిండు. పెండ్లి అయినంక, ఇగ పోను, ఇక్కడనే సొంతంగ చేసుకుంట అన్నడు. నేను గా మాట నమ్ముకొని ఉన్న.

నాకంటె ఎక్కువ నమ్ముకున్నది మా అత్త. మా ఆయన చిన్నగున్నప్పుడే మా మామ బొంబాయి పోయిండు, మళ్ల రాలె. సచ్చిండో బతికిండో కబురు లేదు. మా అత్త బొట్టు పెట్టుకోవాల్నా వద్దా అని గూడ ఎవ్వరు తేల్చలె, ఆమెనే పెట్టుకున్నది. పొద్దంత గల్లీ ఆడోళ్లతోని మా అరుగు మీద కూసోని బీడీలు చేస్తుండె. బొంబాయి అనే మాట ఇనవడ్తే చాలు, ఆమె చేతుల ఆకు ఆగిపోతుండె.

గా ఏడు చలికాలం మొదట్ల బోధన్ అవతలి చిన్న చక్కెర కార్ఖానా నుంచి లారీల ఒక డైనమో వచ్చింది. కరెంటు పోయినప్పుడు కార్ఖానాకు కరెంటు ఇచ్చే మిషిన్ గది. కడుపంత కాలి నల్లగైంది. చెరుకు గానుగ మొదలయ్యేలోపట బాగుచేసి ఇయ్యాలె. అంత పెద్దది మా షెడ్డుకు ఎన్నడు రాలె. ఆయన దాని సుట్టు తిరిగి తిరిగి చూస్తుంటే, సంబంధం చూడపోయినోడు గూడ గట్ల చూడడు అని మా అత్త నవ్వింది.

ఆయన చుట్టిన తీగె కాయిళ్లకు నూలు పట్టీ చుట్టింది నేనే. ఒక్క దగ్గర సందు పడ్డా విప్పి మళ్ల చుట్టుమంటుండె. వేళ్ల కొసలు పొట్టు లేస్తే కోపమొచ్చి, నీ డైనమోనే చేసుకోకపోయినవు, నన్నెందుకు చేసుకున్నవు అన్న. నవ్విండే గని పట్టీ మాత్రం మళ్ల విప్పించిండు. ఆ తర్వాత వార్నిష్ పోసి, కుంపట్లు పెట్టి ఆరబెట్టినం. ఇల్లంత గా వాసననే. అన్నం ముద్ద నోట్ల పెట్టుకున్నా వార్నిష్ రుచే.

కార్ఖానా ఇంజనీరు సారు వచ్చి చూసి, పని మంచిగనే కనవడుతుంది గని ఊకె తిప్పితే ఏదైనా తిరుగుతది, నిండు లోడు మీద ఒక పొద్దంత నిలవాలె, నిలిస్తేనే తీసుకపోత అన్నడు. నిలిస్తే ఇగ ముందు కార్ఖానా మోటర్లన్ని మన షెడ్డుకే పంపిస్త అని గూడ అన్నడు. మా ఆయన గదే కావాలె అన్నట్టు తలకాయ ఊపిండు. సారు పోయినంక నాతోని సాఫ్‌గ చెప్పిండు. గిది నిలిస్తే ఇక్కడనే బతుకుతం. నిలవకపోతే, కొత్తగ చుట్టిన తీగె వైండింగు కాల్చిన షెడ్డుకు ఎవ్వడు ఫ్యాను గూడ తేడు, నేను మళ్ల బొంబాయి పోవుడే. నా గుండె గా దినం నుంచే దడదడ మొదలువెట్టింది, ఇంజను తర్వాత మొదలైంది.

లోడు అంటే ఏందని అడిగిన. ఆయన నా నడుం మీది బిందెను చూపెట్టిండు. ఖాళీ బిందెతోని ఎంత దూరమన్న నడుస్తవు, నీ నడుము సంగతి నిండు బిందెతోనే తెలుస్తది, మిషిన్‌కు గూడ గంతే అన్నడు. బాగనే ఉంది. మరి నిండు బిందె మోస్తే ఇంటికి నీళ్లన్న వస్తయి, నీ మిషిన్ మోస్తే ఏమొస్తది అన్న. ఏం రాదు అన్నడు. ఏం రాని పనికి గంత కష్టమెందుకు అన్న. ఎహె, నీకు చెప్పుడు నాతోని కాదు అని లేచిపోయిండు. గట్ల లేచిపోతే ఎవ్వరికి సమజ్ అయితది చెప్పుండ్రి.

అంత పెద్ద డైనమోకు నిండు లోడు ఇయ్యాలంటే మా గల్లీల ఉన్న బల్బులన్ని ఏసినా సరిపోవంట. అందుకని బొంబాయిల నేర్చుకున్న ఉపాయం చేసిండు. పశువులు నీళ్లు తాగే సిమెంటు తొట్టి ఒకటి తెచ్చి షెడ్డు ముందట పెట్టిండు. మీద వెదురు బొంగు కట్టి, దానికి తాళ్లతోని ఇనుప రేకులు వేలాడదీసిండు. డైనమో తీగెలు గా రేకులకు కలిపిండు. తొట్టి నిండ నీళ్లు. ఎవ్వరు దగ్గరికి పోవద్దని సుట్టు తాడు కట్టిండు, తాకితే పానం పోతదని పిల్లలను పెద్దలను అందరిని బెదిరిచ్చిండు.

పరీక్ష దినం తెల్లారంగనే ఇంజనీరు సారు బోధన్ బస్సు దిగి వచ్చిండు. ఇంజను మొదలైంది, బెల్టు తిరిగింది, డైనమో సన్నగ పాట పాడినట్టు మోగింది. గప్పుడు మా ఆయన సంచిలకెంచి దొడ్డుప్పు దోసిలితోని తీసి, తాడు ఇవతల నుంచే తొట్టిల కొద్ది కొద్దిగ చల్లిండు. ఒకసారి చల్లుడు, మీటరు ముల్లు దిక్కు చూసుడు. మళ్ల చల్లుడు, మళ్ల చూసుడు. ముల్లు ఒక దగ్గరికి వచ్చినంక సారు సాలన్నడు. ఇంజను గొంతు మారి బరువుగ గుర్రుమన్నది.

అరుగు మీదికెంచి చూస్తున్న మా అత్త మొఖం గప్పుడు చూడాలె. ఎంత సంతోషమో. చూసిండ్రానే, బొంబాయి నీళ్లు తాగొచ్చినా నా కొడుకు దిష్టి తీసుడు మర్వలె అని పక్కోళ్లతోని అన్నది. అందరు నిజమే అన్నరు. నేను గూడ గదే అనుకున్న. మాకు తెలిసింది గంతే గద. కొత్త బర్రె ఇంటికొచ్చినా, బిడ్డకు జరమొచ్చినా పిడికెడు దొడ్డుప్పు తిప్పి నీళ్లల్ల ఎయ్యాలె. ఉప్పు కరిగితే దిష్టి కరుగుతది. గా ఉప్పే లోడు అని, నీళ్లల్ల ఉప్పు పెరిగితే మిషిన్ మీద బరువు పెరుగుతదని మాకు ఎవ్వరు చెప్పిండ్రు? బిందె కత చెప్పినోడు ఉప్పు కత చెప్పకపాయె.

పగటీలి అన్నాలదాక అంత మంచిగనే ఉండె. తొట్టిల నీళ్లు మెల్లగ కాగుడు మొదలై, బుడగలొచ్చి, ఆవిరి లేస్తుంది. నీళ్లు కాగినకొద్ది లోడు ఎక్కువ గుంజుతదంట, ఆయన తాడు గుంజి రేకులను జర పైకి లేపుతుండె, ముల్లు మళ్ల జాగకు వస్తుండె. సారు కుర్చీల కూసోని అప్పుడప్పుడు లేచి డైనమో మీద చెయ్యి పెట్టి చూస్తుండు. చెయ్యి కాలుతలేదు. మా ఆయన మొఖంల గూడ సంతోషం కనవడ్డది. నేను లోపట అన్నం వండుకుంట, ఇగ బొంబాయి లేదు, ఇగ బొంబాయి లేదు అని మనసులనే అనుకుంటున్న.

ఆవిరి చూసి జనం జమైండ్రు. నీళ్ల కింద మంట లేదు, నీళ్లు కాగుతున్నయి, గింతకంటె తమాషా ఏముంటది? వచ్చినోడల్లా అబ్బో అన్నడు. ఎంత మంచిగ నడుస్తుంది, గీ పిలగాడు ఇగ ఆగడు అన్నరు. గా మాటలు పడ్డకొద్ది మా అత్తకు పరేషాన్ ఎక్కువైంది. అన్ని కండ్లు ఒక్కదాని మీద పడుతున్నయి, పొద్దున తీసిన దిష్టి ఏం సరిపోతది అన్నది. లోపటికి వచ్చి డబ్బాల నుంచి పిడికెడు ఉప్పు తీసుకొని పోయింది. నేను పొయ్యి దగ్గరికెంచే చూసిన. తాడు ఇవతల నిలవడి, డైనమో దిక్కు పిడికిలి మూడు మార్లు తిప్పి, ఉప్పు తొట్టిల ఏసింది.

ఆమె ఏస్తే మిగతావాళ్లు ఊకుంటరా? బీడీల చాటలు పక్కకు పెట్టి లేచిండ్రు. ఉప్పు ఒకరి చేతికెంచి ఒకరు తీసుకోవద్దు, కొట్లాటలైతయి. అందుకని ఎవ్వరింటికి వాళ్లు పోయి ఎవ్వరుప్పు వాళ్లు తెచ్చుకున్నరు. మా అత్త చెప్తుంటే ఒకరెనుక ఒకరు తిప్పిండ్రు, ఏసిండ్రు. వాళ్లకు మా మీద గంత ప్రేమ ఉందా అని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

గప్పుడు మా ఆయన సారుకు అన్నం పెట్టించే ధ్యాసల, ఇంజనుకు డీజిలు పోసే ధ్యాసల ఉండె. తిని వచ్చి చూస్తే ముల్లు పైకి పోయింది. నీళ్లు బాగ కాగినట్టున్నయి అని రేకులు లేపిండు. ముల్లు దిగింది, మళ్ల ఎక్కింది. మళ్ల లేపిండు. మళ్ల ఎక్కింది. ఫ్యూజు ఎగిరిపోయింది, జర లావు తీగె కట్టి మళ్ల పెట్టిండు. సారు మీటరు అద్దాన్ని వేలుతోని కొట్టి చూసిండు. రేకులు సగం బయటనే ఉన్నయి, గింత లోడు ఎక్కడికెంచి వస్తుంది అన్నడు. ఆయన ఎరగను సార్ అన్నడు. ఇద్దరు చదువుకున్నోళ్లే, ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. అంతల బెల్టు కిర్రుమని అరిచింది, ఇంజను నల్ల పొగ కక్కింది. ఇద్దరు షెడ్డు ఎనుకకు ఇంజను దగ్గరికి ఉరికిండ్రు.

మా ఆయన ఇంజను దగ్గరికెంచి తొట్టి దిక్కు తిరిగేటప్పటికి మా అత్త రెండో పిడికిలి ఇప్పుతుంది. నేను ఇద్దరిని చూసిన. ఆయన స్విచ్చు దిక్కు ఉరికిండు. చెయ్యి దాని మీద పడేలోపట్నే డైనమోల టప్పుమన్నది. తెల్ల పొగ. గా వార్నిష్ వాసననే, కాలిన వార్నిష్ వాసన. ఇంజను బంద్ చేసినంక గల్లీల ఎవ్వరింట్లనో రోట్ల దంచుతున్న సప్పుడు ఇనవడ్డది.

ఏమైంది అని సారు అడిగిండు. మా ఆయన అవ్వ దిక్కు, మా అత్త దిక్కు చూసిండు. ఆమె చెయ్యి ఇంక గాలిల్నే ఉంది, అరచేతికి ఉప్పు అంటుకొని ఉంది. ఆయన సారు దిక్కు తిరిగి తలకాయ దించుకున్నడు.

"వైండింగుల తప్పున్నది సార్. నాదే."

వైండింగు రాయి లెక్కుంది, కదలదు అని పొద్దున్నే నాతోని చెప్పినోడు గిట్లంటడేంది? సారు గూడ నమ్మలె. నిండు లోడు దాటి ముల్లు ఎందుకు పోయింది మరి అన్నడు. రేకులు నేనే సరిగ్గ కట్టలె అన్నడు. సారు చానసేపు డైనమో మీద చెయ్యి పెట్టి నిలవడ్డడు, తెల్లారి లారీ పంపి హైదరాబాదుకు తోలిస్తనని చెప్పి బస్సుకు పోయిండు.

పొద్దు గూకంగ ఆయన పెరట్ల చేతులు కడుక్కుంటుంటే పోయి అడిగిన. గప్పుడు చెప్పిండు ఉప్పు సంగతి. చెప్తుంటే నాకు ఒళ్లు మండింది. గిదా సంగతి? మరి సారుతోని ఒక్క మాట చెప్తే మళ్ల పరీక్ష పెడ్తడు గద, నోట్ల ఏం పెట్టుకున్నవు అన్న. లావు ఫ్యూజు కట్టింది నేనే గద, సన్న తీగెనైతే గదే ఎగిరి మిషిన్ బతుకుతుండె, నా తప్పు లేదని ఎట్లంట అన్నడు. గది నాకు సాకు లెక్క ఇనవడ్డది, మొఖం మీదనే అన్న. ఆయన సబ్బు చేతులతోనే మెట్టు మీద కూలవడ్డడు.

"బాపు పోయిన దినం నుంచి మా అవ్వ చెయ్యి మంచిది కాదన్నరు. ఏ పెండ్లిల పసుపు దంచనియ్యలె, ఏ బిడ్డను ఎత్తుకోనియ్యలె. ఇయ్యాల్నే ఆమె ముందట నడిచింది, గల్లీ అంత ఎనుక నడిచింది. గా చెయ్యే కాల్చిందని నేనెట్ల చెప్పాలె?"

"మరి నా సంగతేంది?" అన్న.

నువ్వు అర్థం చేసుకుంటవనుకున్న అన్నడు. గా మాట ఇంటే నాకు ఇప్పటికి గూడ కోపమొస్తది. అర్థం చేసుకుంటదని ఒకదాన్ని పట్టుకొని దాని మీదనే అన్ని మోపుతరా?

తెల్లారి వర్నికి మా తల్లిగారింటికి పోయొస్తనని చెప్పి బోధన్ బస్సెక్కిన. కార్ఖానా గేటు కాడ సారును పిలిపిచ్చి అంత చెప్పిన. సారు ముందుగాల నవ్విండు, ఆ తర్వాత నవ్వలె. గంత లోడు మీద గంతసేపు నిలిచిందంటే అది మంచి వైండింగేనమ్మా అన్నడు. నాకు పానం లేచొచ్చింది. కాని మీ ఆయన నోటితోనే నా తప్పని చెప్పిండు, నేను కార్ఖానా మాలికుకు గదే చెప్పిన. ఇప్పుడు ఉప్పు కత చెప్తే ఆయన నన్ను చూసి నవ్వుతడు. మీ అత్తను తీసుకొచ్చి, నేనే ఏసిన అని ఆమెతోని చెప్పించు, మళ్ల వైండింగు చుట్టుడుకు, ఒక పరీక్షకు ఒప్పిస్త అన్నడు. బస్సుల దారి పొడుగున అత్తతోని ఎట్ల మొదలువెట్టాల్నో అనుకుంటనే వచ్చిన. చెప్పుడు మాత్రం పక్కా అనుకున్న. ఆమె బాధ ఆమెకుంటది, నా మొగడు నాకుంటడు.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద ఎనుకింటి బాలింత కూసోని ఉంది, ఒళ్లె పసిబిడ్డ. దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు. ఏంది అంటే, బిడ్డకు దిష్టి తీయించుకోను వచ్చిండ్రంట, మా అత్తతోని. నాకు ఏం సమజ్ కాలె. మిషిన్ కాలిపోయింది గద, మరి గీమె చెయ్యి ఎట్ల మంచిదైంది? బాలింత తల్లి నాకు వివరంగ చెప్పింది. గంత పెద్ద దిష్టి నీ మొగని మీదికి రావాల్సింది బిడ్డా, మీ అత్త ఉప్పు ఏసింది కాబట్టి మిషిన్ మీదికెంచి పోయింది, లేకపోతే ఇయ్యాల నీ మెడల పుస్తె ఉండకపోవు. అందరు నిజమే అన్నరు.

మా అత్త పసిబిడ్డను రెండు చేతులల్ల పట్టుకొని ఉంది. బిడ్డను పట్టుకునుడు మర్చిపోయినట్టు, పడుతడేమో అని భయపడుకుంట పట్టుకున్నది. నన్ను చూసి, వచ్చినవా బిడ్డా, మీ అవ్వోళ్లు మంచిగున్నరా అని అడిగింది. నా నోటి కాడికి వచ్చింది. బస్సుల కూడబెట్టుకున్న మాటలన్ని నోటి కాడికి వచ్చినయి. మంచిగున్నరత్తా అన్న.

గా రాత్రికి ఆయనతోని గూడ కార్ఖానాకు పోయిన సంగతి చెప్పలె. చెప్తే ఏమైతుండెనో ఇప్పటికి తెల్వదు. నేను ఆగింది మా అత్త మీద ప్రేమతోనా, గా బాలింత ముందట నోరు రాకనా, గది గూడ తెల్వదు.

వారం లోపట్నే ఆయన పోయిండు. స్టేషన్‌ల మన్మాడ్ దిక్కు పోయే బండి నిలవడ్డది. అక్కడ మారితే బొంబాయి. డబ్బాల జాగ దొరకక తలుపు కాడనే నిలవడ్డడు. బండి కదిలేటప్పుడు మా అత్త చెయ్యి పట్టుకొని, నువ్వు తీసిన దిష్టితోనే నేను బతికిన అవ్వా అన్నడు. ఆమెను చూస్తనే అన్నడు, నన్ను చూడలె. నేను నవ్వాల్నా, గా రైలు ముందట అందరికి అసలు సంగతి ఒర్రి చెప్పాల్నా అనిపిచ్చింది. బండి పోయింది.

రిక్షాల ఇంటికి వస్తుంటే ఏడుపు ఆగలె. మొగడు పోయిండని ఏడుస్తున్న అని మా అత్త అనుకున్నది. అది నిజమే, కాని గంతే కాదు. ఆమె నా మొఖం తుడిచి, పరేషాన్ కాకు బిడ్డా, మీ మామ పోయేటప్పుడు ఎవ్వరు దిష్టి తియ్యలె, నా కొడుక్కు నేను తీసిన, వాడు తప్పక తిరిగొస్తడు అన్నది. గంత ధైర్యంగ ఆమె మాట్లాడుడు నేను ఎన్నడు ఇనలె. నీ మొఖం గూడ వాడిపోయింది, ఎవ్వరి కన్ను పడ్డదో, ఇంటికి పోయినంక నీకు గూడ తీస్త అన్నది.

తీసింది. గడపల పీట ఏసి కూసోబెట్టింది. డబ్బాల నుంచి పిడికెడు దొడ్డుప్పు తీసి నా తలకాయ సుట్టు తిప్పింది, ఊళ్లె కన్ను పోవాలె, గల్లీ కన్ను పోవాలె, ఇంటి కన్ను పోవాలె అన్నది. ఆమె చెయ్యి నా మొఖం ముందటికెంచి పోయినప్పుడల్లా కండ్లు మూసుకున్న. అయిపోయింది, లే బిడ్డా అనేదాక కదలకుండ కూసున్న.